తొమ్మిది పట్టీలు

ఆగస్టు పదిహేడు, ఆదివారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు తిరుమలగిరి మల్లికా ఎన్‌క్లేవ్‌లో తొమ్మిదో నంబరు ఇంటి పెరట్లో గడ్డి కోసే రోబో మెషీన్ జామచెట్టు వేరుకూ ప్రహరీ గోడకూ మధ్య ఇరుక్కుని ఆగిపోయింది. పది ముప్పై మూడుకు రాజేందర్ దాన్ని బయటకు తీశాడు. ఆ సమయానికి అతడు సీతాఫల్‌మండి వెళ్లే దారిలో ఉండాలి. అక్కడ చెల్లెలి కూతురికి హాఫ్ శారీ ఫంక్షన్. పదకొండున్నరకు ముహూర్తం. చీర పెట్టాల్సిన మేనమామ అతడే.

రాజేందర్ వయసు యాభై ఒకటి. మల్లికా ఎన్‌క్లేవ్‌లో పంతొమ్మిదేళ్లుగా మాలి. కాలనీలో ఇళ్లు పదకొండు. ప్రతి ఇంటికీ ముందో వెనకో పక్కనో లాన్ ఉంది. కాలనీ చివర బోరు మోటారు పక్కన ఒక గది ఉంది. పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పైన రేకులు. రాజేందర్, అతడి భార్య జగదాంబ అందులో ఉంటారు. అద్దె లేదు. గది ఎవరికివ్వాలన్నది అసోసియేషన్ తీర్మానంలో ఉంది. అందులో ఉన్న మాటలు ఇవి: "గడ్డి కోసే మనిషికి."

జగదాంబ నాలుగో నంబరు, ఆరో నంబరు ఇళ్లలో వంట చేస్తుంది. గది పోతే ఆ రెండు ఇళ్లకు నడిచి రాగలిగే దూరంలో వాళ్లకు అద్దెకు దొరికే ఇల్లు లేదు. రెండేళ్ల కిందట ఒకసారి వెతికారు.

జూన్ ఇరవై ఆరున అసోసియేషన్ సెక్రటరీ హరికిషన్ కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాడు. ఆయన రిటైరైన ఇంజనీర్, ఒకటో నంబరు ఇల్లు. "రోబో మోవర్ల కొటేషన్ కోసం, లాన్ ఉన్నవాళ్లు గజాలు పంపండి." అరగంటలో పదకొండు జవాబులు వచ్చాయి. నాలుగు వందల ఎనభై, ఆరు వందలు, ఐదు వందల యాభై. తొమ్మిదో నంబరు నుంచి ఎనిమిది వందలు. సికింద్రాబాద్‌లో ఎవరినైనా గజాలెన్ని అని అడిగితే ప్లాటు గజాలే చెబుతారు. రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్నవి. పదకొండు మందీ అవే పంపారు. హరికిషన్ కూడా అవే రాసుకున్నాడు. ఏ.ఎస్. రావు నగర్‌లోని ఒక షాపుకు ఆ జాబితా పంపి, రాజేందర్‌ను పిలిచాడు.

"షాపు నుంచి ఒకమ్మాయి వస్తది. ఇండ్లన్నీ తిప్పి చూపెట్టు. ఎక్కడ వాలు ఉంది, ఎక్కడ నీళ్లు నిలుస్తయ్, ఏ చెట్టు ఎక్కడుంది, నీకు తెలిసినంత ఎవరికీ తెల్వది."

"ఎందుకు సార్?"

"రోబో మెషీన్లు తెస్తున్నం. అదే తిరుగుతది, అదే కోస్తది, అదే పోయి చార్జింగ్ పెట్టుకుంటది."

"మరి నేను?"

"ముందు రేటు రానీ. పన్నెండు లక్షలు దాటితే ఫైల్ క్లోజ్. అసోసియేషన్ ఫండ్ల అంతే ఉంది. మీద పైసలు వేయమంటె ఒక్కడు ఒప్పుకోడు. మనోళ్ల సంగతి నీకెరికే గదా, వాచ్‌మన్‌కు గొడుగు కొననీకి మూడు మీటింగులు పెట్టిండ్రు."

"దాటకపోతే సార్?"

"అప్పుడు చూద్దాం. గది సంగతి సుత చూడాలె. వానలల్ల మెషీన్లకు జాగ కావాలె గదా."

జూలై ఎనిమిదిన, మంగళవారం పదిన్నరకు, షాపు నుంచి పర్వీన్ వచ్చింది. ఇరవై ఆరేళ్లు. ఇల్లు సీతాఫల్‌మండి. స్కూటీ మీద వచ్చింది. చేతిలో పదకొండు వరుసల కాగితం, డిక్కీలో కొలిచే చక్రం.

మొదట రెండో నంబరు ఇంటికి వెళ్లారు. లాన్ చదునుగా ఉంది. చెట్లు లేవు. గడ్డి మెక్సికన్ రకం.

"మూడు రకాల మెషీన్లున్నయ్ అన్నా," అంది పర్వీన్. "ఒకటి వైర్‌ది. లాన్ చుట్టూ నేలల వైర్ పాతాలె, అది దాటి పోదు. అన్నింట్ల సస్తాది అదే. రెండోది సాటిలైట్‌ది. వైర్ వద్దు గానీ దానికి పైన ఆకాశం కనబడాలె. మూడోది కెమెరాది. చూసుకుంట పోతది. రేటు జెర ఎక్కువ."

"ఈడ సాటిలైట్‌ది పెట్టు బిడ్డా. పైన ఏం అడ్డం లేదు."

మూడో నంబరు ఇంట్లో యజమాని వైర్‌దే చాలన్నాడు. రాజేందర్ గోడ మూల చూపించాడు. నేలలో బొరియలున్నాయి.

"పందికొక్కులు. పోయినేడు సీసీ కెమెరా వైరు మూడుసార్లు కొరికినయ్. ఈ వైరును ఇడుస్తయా?"

"పందికొక్కులకు వారంటీ లేదన్నా," అని పర్వీన్ వైర్ అన్న మాట కొట్టేసి కెమెరా అని రాసింది.

ఐదో నంబరు ఇంట్లో లాన్ గేటు నుంచి వరండా వరకు వాలుగా పైకెక్కుతుంది. వాన పడితే చక్రాలు జారతాయని రాజేందర్ చెప్పాడు. తను అక్కడ కిందికి కాకుండా అడ్డంగా కోస్తానన్నాడు. వెనక చక్రాలకు పళ్లున్న మోడల్ ఉందని పర్వీన్ రాసుకుంది. ఏడో నంబరు ఇంట్లో నాలుగు మామిడిచెట్లున్నాయి. లాన్ మీద ఎండ పడదు. సాటిలైట్‌ది అక్కడ పనిచేయదు. కెమెరా అని రాసింది.

"మీ ఇంట్ల లాన్ ఉందా బిడ్డా?" అని రాజేందర్ అడిగాడు.

"మా ఇల్లే యాభై గజాలన్నా. మేం తొమ్మిది మంది. గడ్డి మొలిస్తే మాలో ఒకరు బయట పండాలె."

తొమ్మిదో నంబరు గ్రేసీ టీచర్‌ది. రిటైరైన లెక్కల టీచర్, వయసు డెబ్బై మూడు. ఆమె లాన్ ఇంటి పక్కన పొడుగ్గా సాగిన పట్టీ. మధ్యలో జామచెట్టు. దాని వేళ్లు నేల పైకి వచ్చాయి.

"ఈడ ఏ మెషీన్ నడవది," అన్నాడు రాజేందర్. "నేనే ఈ వేరు కాడ మిషన్ లేపి పెడత."

"పది మెషీన్ల కంటె ఎక్కువ తీసుకుంటెనే ఆఫర్ అన్నా. పదకొండూ ఉండాలని సార్ చెప్పిండు." కాగితం చూసింది. తర్వాత పెరడు చూసింది. "ఎనిమిది వందల గజాలు. అన్నా, ఒక మాట. ఈ గజాలు లాన్‌వేనా?"

"వాళ్లు పంపినయే గదా."

"వాళ్లు పంపినయే."

పర్వీన్ పెన్ను సంచిలో పెట్టుకుంది. కొలిచే చక్రం ఆ రోజు స్కూటీ డిక్కీలోంచి బయటకు రాలేదు. కస్టమర్ రాసిచ్చిన నంబరును మార్చొద్దని మేనేజర్ ముందే చెప్పాడని ఆమె తర్వాత చెప్పింది. గజాలు పెరిగితే మెషీన్ సైజూ రేటూ పెరుగుతాయి. పన్నెండు లక్షల హద్దు సంగతి ఆమెకు అప్పటికి తెలియదు. రాజేందర్‌కు తెలుసు.

జూలై పదకొండున కొటేషన్ వచ్చింది. ఏడు మధ్య సైజు మెషీన్లు, నాలుగు పెద్ద సైజు. ఆఫర్ పోను ఇరవై రెండు లక్షల ఇరవై వేలు.

ఈ సంగతి నాలుగో నంబరు ఇంట్లో వంట చేస్తుండగా జగదాంబ చెవిన పడింది. గదికి వచ్చి రాజేందర్‌తో అంది.

"ఇరవై రెండంట. ఇగ కానట్టే. ఆ కారే రేకు సంగతి చూడు. ఉంటమో ఉండమో అని రెండు వారాల నుంచి బకెట్ పెట్టుకుంటున్నం."

"మీటింగ్ కానియ్యి."

"మీటింగ్ల ఏమయితది? నువ్వు నోరు మూసుకొని నిలబడితె చాలు. అదొక్కటి చాతనయితదా?"

రాజేందర్ నిచ్చెన తెచ్చి రేకు మీద తారు పట్టీ అతికించాడు. ఆ రాత్రి వాన పడింది. గదిలోకి నీళ్లు రాలేదు.

పదమూడున, ఆదివారం, సికింద్రాబాద్‌లో లష్కర్ బోనాల పండుగ. కాబట్టి మీటింగు ఇరవైకి పెట్టారు. పంతొమ్మిదిన, శనివారం, రాజేందర్ తొమ్మిదో నంబరు ఇంట్లో గడ్డి కోస్తున్నాడు. తోసే మిషన్, వెడల్పు పద్దెనిమిది అంగుళాలు. గ్రేసీ టీచర్ కొటేషన్ కాగితం పట్టుకుని వరండాలోకి వచ్చింది.

"రాజేందర్, ఇటు రా నాయనా. ఇది చూడు. ప్లాట్ తొమ్మిది, లాన్ ఎనిమిది వందల గజాలు, పెద్ద మెషీన్. ఇల్లు, కారు షెడ్డు, నేను కూర్చునే కుర్చీ, అన్నీ కోస్తుందా ఇది?"

"ఏమో టీచర్."

"నీకు తెలియదా? పంతొమ్మిదేళ్ల నుంచి కోస్తున్నావు. నా లాన్ ఎంత?"

రాజేందర్ గజాల్లో లెక్క పెట్టడు. మిషన్ ఒకసారి ఈ చివరి నుంచి ఆ చివరికి తోస్తే ఒక పట్టీ. ఏ ఇంట్లో ఎన్ని పట్టీలో, పట్టీ పొడవు ఎన్ని అడుగులో అతడికి తెలుసు.

"తొమ్మిది పట్టీలు," అన్నాడు. "నలభై ఐదు అడుగులు."

"నీ మిషన్ పద్దెనిమిది అంగుళాలా?"

"పట్టీ మీద పట్టీ రెండు అంగుళాలు ఎక్కిస్త టీచర్. లేకుంటె నడుమ గడ్డి నిలబడతది."

"అంటే పదహారు." ఆమె కాగితం వెనక రాసింది. "తొమ్మిది పదహార్లు నూట నలభై నాలుగు. పన్నెండు అడుగులు. పన్నెండు నలభై ఐదులు ఐదు వందల నలభై. తొమ్మిదితో భాగిస్తే అరవై. అరవై గజాలు, రాజేందర్! ఎనిమిది వందలు ప్లాటు. ఈ హరికిషన్ ఇంజనీర్ ఎలా అయ్యాడో."

లోపలి నుంచి టేపు తెచ్చింది. ఒక చివర రాజేందర్ చేతికిచ్చింది. కొలిచారు. నలభై ఐదు అడుగుల రెండు అంగుళాలు. వెడల్పు పన్నెండు.

"టీచర్," అన్నాడు రాజేందర్, టేపు చుట్టి ఇస్తూ. "రేపు మీటింగ్ల ఇది చెప్పకుంటె..."

"ఎందుకు?"

రాజేందర్ మిషన్ హ్యాండిల్ పట్టుకున్నాడు.

"నలభై ఏళ్లు పాఠం చెప్పాను. తప్పు లెక్క బోర్డు మీద వదిలేసి ఒక్కరోజూ క్లాసు దాటి రాలేదు. నీకేం భయం లేదు. నువ్వే కొలిచావని చెబుతాను. నీకు మంచి పేరు వస్తుంది."

ఆదివారం పదకొండు గంటలకు ఒకటో నంబరు ఇంటి పోర్టికోలో మీటింగు మొదలైంది. పదకొండు ఇళ్ల వాళ్లూ వచ్చారు. షాపు తరఫున పర్వీన్ వచ్చింది. జగదాంబ చాయ్ ఇస్తోంది. రాజేందర్ గేటు దగ్గర నిలబడ్డాడు.

"ట్వెంటీ టూ పాయింట్ టూ," అన్నాడు హరికిషన్. "మన లిమిట్ పన్నెండు. క్లోజ్ చేద్దామా?"

ఎవరూ కాదనలేదు. గ్రేసీ టీచర్ చెయ్యెత్తింది.

"నా వరుస తప్పు. లాన్ ఎనిమిది వందల గజాలు కాదు. అరవై."

"మేడం, మీరే గదా ఎనిమిది వందలని పంపింది."

"మీరు గజాలు అడిగారు. ప్లాటు గజాలు పంపాను. మీరెంత పంపారు?"

"ఐదు వందల యాభై." హరికిషన్ తన వరుస మీద వేలు పెట్టాడు. "ప్లాటువే."

మిగతా తొమ్మిది మంది ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు.

"మీ లాన్ కొలిచిందెవరు మేడం?"

"రాజేందర్. టేపు వేసి చూశాం. రెండంగుళాల తేడా."

హరికిషన్ గేటు వైపు తిరిగాడు. "రాజేందర్, మిగతా ఇండ్లవి సుత ఎరికేనా?"

జగదాంబ చేతిలో ట్రే పట్టుకుని ఆగింది. పర్వీన్ నేల చూసింది. పర్వీన్ ఆ రోజు కొలిచే చక్రం తేలేదు. పోర్టికోలో టేపు ఒక్కటే ఉంది. అది గ్రేసీ టీచర్ ఒళ్లో ఉంది.

"ఎరికే సార్," అన్నాడు రాజేందర్.

"చెప్పు."

"ఒకటో నంబర్ పద్నాలుగు పట్టీలు, ముప్పై అడుగులు. రెండో నంబర్ ముప్పై పట్టీలు, అరవై ఐదు. మూడో నంబర్ పన్నెండు, ఇరవై నాలుగు..."

పదకొండు ఇళ్లవీ చెప్పాడు. గ్రేసీ టీచర్ కొటేషన్ కాగితం వెనక లెక్క కట్టింది. పది నిమిషాలు పట్టింది. రెండు, ఏడు, పదకొండు నంబర్లకు మధ్య సైజు చాలు. మిగతా ఎనిమిది ఇళ్లకు చిన్న సైజు చాలు. పర్వీన్ బయటకు వెళ్లి మేనేజర్‌తో ఫోన్లో మాట్లాడి వచ్చింది. పదకొండు లక్షల ఇరవై వేలు అని చెప్పింది.

ఎందుకు చెప్పావని జగదాంబ ఆ మధ్యాహ్నం రాజేందర్‌ను అడిగింది. నాలుగు రోజుల్లో చాలాసార్లు అడిగింది. ప్రతిసారీ అతడిచ్చిన జవాబు ఒకటే. "అడిగిండ్రు, చెప్పిన. పంతొమ్మిదేండ్లు తోసిన. తెల్వదని ఎట్లంట?"

మీటింగులో మెషీన్లు కొనడానికి పదకొండు చేతులు లేచాయి. తర్వాత హరికిషన్ గది విషయం ఎత్తాడు. గడ్డి కోసే మనిషి ఇక ఉండడు కాబట్టి గదిని మెషీన్ల స్టోర్‌గా మార్చాలన్నాడు. అప్పుడు పర్వీన్ లేచి నిలబడింది.

"సార్, ఒకటుంది. మెషీన్ వేర్ల కాడ, మూలల కాడ ఇరుక్కుంటది. ఇరుక్కుంటె ఫోన్‌కు మెసేజ్ కొడతది. పోయి తీసేటోళ్లు ఒకరు కాలనీలనే ఉండాలె. పావుగంటల తీయకుంటె మోటారు ఖరాబయితది. అప్పుడు వారంటీ రాదు."

"ఎవరుంటరు?"

"ఈ అన్న ఉంటడు సార్. ఏ లాన్‌ల ఏముందో ఈ అన్నకే ఎరిక."

తీర్మానం మార్చి రాశారు. "గడ్డి కోసే మనిషికి" అన్నచోట "మెషీన్లు చూసే మనిషికి" అని రాశారు. కింద ఒక షరతు చేర్చారు: ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఆరు వరకు, ఆదివారాలతో సహా, మెసేజ్ వచ్చిన పదిహేను నిమిషాల్లోపు మెషీన్ దగ్గర ఉండాలి. మూడుసార్లు ఆలస్యమైతే గది ఖాళీ చేయాలి. రాజేందర్ సంతకం చేశాడు. గ్రేసీ టీచర్ అతడి భుజం తట్టింది.

ఆగస్టు ఒకటిన మెషీన్లు వచ్చాయి. అట్టపెట్టెలు పదకొండు. వారంటీ ఉన్నంతకాలం పెట్టెలు పారేయకూడదు. వారంటీ మూడేళ్లు. పెట్టెలను రాజేందర్ గదిలో పెట్టారు. మంచానికీ గోడకూ మధ్య ఐదు, తలుపు పక్కన నాలుగు, పొయ్యి పైన అటక మీద రెండు.

"మనమున్న గదిల మెషీన్లున్నయా, మెషీన్ల గదిల మనమున్నమా?" అంది జగదాంబ. పెట్టెల మీద ఆమె బియ్యం డబ్బా పెట్టింది. హరికిషన్ చూసి తీయించాడు.

పర్వీన్ వచ్చి రాజేందర్ ఫోన్లో యాప్ వేసింది. యాప్ ఇంగ్లీషులో ఉంది. మెషీన్లకు ఇంటి నంబర్లే పేర్లుగా పెట్టింది. మెసేజ్ వస్తే కోకిల కూసేట్టు పెట్టింది.

"కోకిల కూస్తె నంబర్ చూడన్నా. ఆ ఇంటికి పో. అంతే."

"అది ఎప్పుడు కూసినా నేను కాలనీలనే ఉండాలె. అంతేనా బిడ్డా?"

పర్వీన్ యాప్ మూసి ఫోన్ ముందుకు చాపింది. "ఆ రోజు కొలుద్దామనుకున్న అన్నా. మేనేజర్ నంబర్లు మార్చొద్దన్నడు," అంది. రాజేందర్ ఫోన్ తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

మెషీన్లు ఆగస్టు నాలుగు నుంచి తిరగడం మొదలుపెట్టాయి. పదహారు వరకు కోకిల ముప్పై ఒక్కసార్లు కూసింది. అందులో పద్దెనిమిది సార్లు తొమ్మిదో నంబరు. జామచెట్టు కొట్టేద్దామా అని గ్రేసీ టీచర్ అడిగింది. వద్దని రాజేందర్ అన్నాడు. ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు. ఆ పదమూడు రోజుల్లో అతడు కాలనీ గేటు దాటింది సాయంత్రం ఆరు తర్వాతే.

చెల్లెలి కూతురి ఫంక్షన్ కోసం పదిహేడున సెలవు కావాలని హరికిషన్‌ను అడిగాడు.

"సెలవుకేం, తీసుకో. కానీ నీ బదులు ఎవరు తీస్తరు? మనిషిని చూపెట్టి పో. తీర్మానం నేనొక్కణ్ణే మార్చలేను గదా."

మనిషి దొరకలేదు. వాచ్‌మన్‌కు ఆదివారం సెలవు. ఆ రోజుకు మెషీన్లను ఆపితే సరిపోతుందని రాజేందర్ అన్నాడు. నాలుగు రోజుల వానకు గడ్డి పెరిగిందని, ఆపొద్దని, ఏడో నంబరు, పదకొండో నంబరు వాళ్లు గ్రూపులో రాశారు.

పదిహేడున ఉదయం ఏడు నుంచి పది వరకు కోకిల కూయలేదు. పది గంటల ఐదు నిమిషాలకు రాజేందర్, జగదాంబ గేటు దాటారు. చీర, పసుపు కుంకుమ, గాజులు ఉన్న సంచి జగదాంబ చేతిలో ఉంది. బస్టాపుకు నడిస్తే పది నిమిషాలు. పది ఇరవైకి రాజేందర్ జేబులో కోకిల కూసింది. పక్కన బస్సు కోసం నిలబడ్డ ఒకాయన తల ఎత్తి చెట్టు వైపు చూశాడు.

"తొమ్మిది," అన్నాడు రాజేందర్.

"పోనియ్యి. ఒక్కసారికి ఏం కాదు. మూడన్నరు గదా."

"ఒకటి షురూ అయితె మూడయితయ్. నువ్వు బస్సెక్కు. నేను తీసి ఎనకనే వస్త."

"మేనమామ లేకుంటె చీర ఎవరు పెడతరు? మెషీన్ పెడతదా?"

బస్సు వచ్చింది. జగదాంబ ఎక్కింది. రాజేందర్ వెనక్కి తిరిగి పరుగెత్తాడు.

గ్రేసీ టీచర్ ఆదివారం ఆరాధనకు చర్చికి వెళ్లింది. పక్క గేటు తాళంచెవి రాజేందర్ దగ్గర ఉంది. మెషీన్ ముందు చక్రం వేరు మీదికెక్కి, పక్క ప్రహరీ గోడకు ఆనుకుని ఉంది. లేపి గడ్డి మీద పెట్టాడు. కొత్త చొక్కా మోచేతికి మట్టి అంటింది. మెషీన్ కదిలింది. గేటుకు తాళం వేసి మళ్లీ బస్టాపుకు నడిచాడు. పది నలభై ఎనిమిదికి అక్కడికి చేరాడు.

పది యాభై రెండుకు కోకిల మళ్లీ కూసింది. ఏడో నంబరు.

పది యాభై ఐదుకు బస్సు వచ్చింది. బస్టాపులో నిలబడ్డవాళ్లలో నలుగురు ఎక్కారు. వాళ్లలో రాజేందర్ లేడు. ఏడో నంబరు ఇంటి మామిడిచెట్ల కింద ఆగిన మెషీన్ పదకొండు గంటల ఐదు నిమిషాలకు తిరిగి కదిలింది.